వడియాల ఎండ, గంగరావి నీడ

మా వీధిలో మనిషి కూర్చోవడానికి చోటు లేదన్న సంగతి, మా ఆయన ఎడమకాలు ఈడ్చుకుంటూ నడవడం మొదలుపెట్టిన వేసవిలో గానీ నాకు తెలియలేదు. అప్పటికి ఆ వీధిలో పంతొమ్మిదేళ్లుగా ఉంటున్నాం.

ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. నేను ఆస్పత్రిలో నర్సుగా చేసి ఆయన వెనకాలే రెండేళ్లకు రిటైరయ్యాను. ఇంక ఇద్దరం తీరిగ్గా ఉండొచ్చు అనుకుంటుండగా, ఒకరోజు పొద్దున కాఫీ గ్లాసు ఆయన చేతిలోంచి జారింది. చిన్న పక్షవాతం. దేవుడి దయవల్ల మాట పోలేదు. ఎడమకాలు, ఎడమచెయ్యి మాత్రం చెప్పిన మాట వినడం మానేశాయి. డాక్టరు గారు, "రెండు పూటలా నడిపించండి, అలసినప్పుడు కాసేపు కూర్చోబెట్టండి" అన్నారు. ఈ మాట నేను ముప్పయ్యేళ్లు ఎందరికో చెప్పి పంపాను. ఎక్కడ కూర్చోబెట్టాలని ఒక్కరూ నన్ను తిరిగి అడగలేదు. నాకూ ఆ ఆలోచన రాలేదు.

మాది సూళ్లూరుపేటలో రైలుస్టేషనుకు పడమర వైపు వీధి. రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిందే. రాకెట్ కేంద్రంలో పనులకు వచ్చేవాళ్లు అద్దెకు దిగుతారని అందరూ పై అంతస్తులు వేశారు, మెట్లు రోడ్డు మీదికి దించారు. మేమూ తక్కువ తినలేదు. ఇల్లు కట్టినప్పుడు ముందువైపు మూడు అంకణాలు, ఒక గదంత మట్టి నేల వదిలాం. అందులో ఒక మల్లెపందిరి, ఒక బొప్పాయి చెట్టు ఉండేవి. తర్వాత స్కూటరు పెట్టుకోవడానికి సిమెంటు పోయించాం. "బొప్పాయి ఉంచేదా అమ్మా?" అని మేస్త్రీ అడిగితే, "చీమలు పట్టాయి, కొట్టేయ్" అన్నది నేనే.

ఆయన పొద్దున్నే గోడలు పట్టుకుని వీధి మలుపు దాకా నడిచేవారు. అక్కడికి చేరేసరికి ఒళ్లంతా చెమట, కాలు వణుకు. తిరిగి రావడానికి ముందు రెండు నిమిషాలు కూర్చోవాలి. ఒకరోజు ఆగలేక మలుపు దగ్గరి ఇంటి అరుగు మెట్టు మీద కూలబడబోయారు. ఆ ఇంటావిడ లోపలినుంచి గబగబా వచ్చింది.

"అయ్యో, పక్కకు జరగండి. వడియాలు ఆరబెట్టుండా" అంది.

నిజమే. మెట్టు మీద పాత చీర, దాని మీద వరసలుగా బియ్యప్పిండి వడియాలు. ఆయన అక్కడే నిలబడిపోయారు. నేను పరుగెత్తుకెళ్లి పట్టుకున్నాను. ఆమెకు మాకంటే నాలుగైదేళ్లు ఎక్కువుంటాయి. ఒంటరి మనిషి. వీధిలో అందరూ ఆమెను అక్కా అనే పిలుస్తారు. వడియాలూ అప్పడాలూ చేసి అంగళ్లకు వేస్తుంది. ఆ రోజు ఆమె మీద నాకు కోపం వచ్చింది. వడియాలకున్న చోటు మనిషికి లేదా అని ఇంటికి వచ్చి గొణిగాను. మా ఆయన మాత్రం, "నేను కూర్చునుంటే అప్పడాలయ్యుండేవి" అని నవ్వారు.

ఆమె ఇంటి పక్కనే, మలుపులో, ముక్కోణంగా ఒక ఖాళీ జాగా ఉంది. ఏడెనిమిది అంకణాలుంటుంది. మున్సిపాలిటీది. ఒకప్పుడు అక్కడ చేతిపంపు ఉండేది. ఇంటింటికీ కొళాయిలు వచ్చాక పంపు తుప్పుపట్టి విరిగిపోయింది, దాని చుట్టూ వేసిన సిమెంటు దిమ్మె మిగిలింది. ఆ దిమ్మె మీదా, చుట్టూరా చెత్త. పాత పరుపులు, కొబ్బరి బొండాలు, పగిలిన కమోడు. అందులో నా ఇంటి చెత్త కూడా ఎన్నోసార్లు కలిసింది.

రాకెట్ పోయే రోజున మా వీధి మొత్తం ఆ మలుపులోకే వస్తుంది. తూర్పు ఆకాశం అడ్డం లేకుండా కనపడేది అక్కడే. ఆ ఏడాది ఒక మధ్యాహ్నం అలాగే అందరం చేరాం. ఆడవాళ్లు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. రాకెట్ లేచింది, మెరిసింది, మబ్బులో దూరింది. కాసేపటికి కిటికీలు గడగడలాడే ఆ మోత వచ్చి పోయింది. అందరూ ఇళ్లకు మళ్లుతుంటే నేను నోరు తెరిచాను.

"ఈ చెత్త తీయించి నాలుగు చెట్లు పెట్టుకుంటే బాగుంటుంది కదా. ఒక బల్ల కూడా వేసుకోవచ్చు" అన్నాను.

కొందరు తలూపారు. పక్కసందు ఆటో అతను, "మరి నా బండి యాడ పెట్టుకునేది?" అన్నాడు. అక్క నావైపు చూడకుండానే అంది, "ఇయ్యాల మొక్కలంటారు. రేపు పందిరేసి మీటింగులంటారు. మాకు తెలీదా?"

మేము క్రైస్తవులం. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. పంతొమ్మిదేళ్లలో ఆ వీధిలో ఎందరికి ఇంజెక్షన్లు చేశానో, ఎందరి పిల్లలకు జ్వరాలు చూశానో గుర్తొచ్చింది. ఇంటికి వచ్చేశాను. నాలుగు రోజులు మలుపు వైపు పోలేదు.

అయిదో రోజు పొద్దున ఒక పెద్దాయన మా గేటు దగ్గర నిలబడ్డాడు. డెబ్భై ఏళ్లుంటాయి, పంచె పైకి కట్టి, చేతిలో గడ్డపార. కోవూరు పక్క పల్లెలో వరి చేసిన రైతు. భార్య పోయాక పొలం కౌలుకిచ్చి మా ఎదురింటి మేడ మీద కూతురి దగ్గరకు వచ్చాడు.

"అమ్మా, మీరు మొన్న చెట్లు పెడదామన్నారు. ఎప్పుడు మొదలుపెడదాం?" అని అడిగాడు.

"వద్దులే అన్నా. ఇష్టం లేని వాళ్లున్నారు" అన్నాను.

"చెత్త తీసేదానికి ఎవరి ఇష్టం కావాల? మట్టి ముట్టుకుని నాలుగు నెలలైంది. చేతులు మెత్తబడిపోయినాయి" అని అరచేతులు చూపించాడు.

వార్డు ఆఫీసుకు ఇద్దరం కలిసి వెళ్లాం. అక్కడి అమ్మాయి, గోడలేవీ కట్టకపోతే మొక్కలు పెట్టుకోవచ్చంది. చెత్త ఎత్తడానికి ట్రాక్టరు పంపింది. పారిశుద్ధ్య పనివాళ్లు మూడు ట్రాక్టర్ల చెత్త ఎత్తారు. అడుగున మట్టి కనపడ్డప్పుడు పెద్దాయన వంగి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు.

"ఉప్పు నేలమ్మా. సముద్రపు గాలి, బోరు నీళ్లు, రెండూ ఉప్పే. ఇక్కడ ఏదంటే అది రాదు. వానలు పడేదాకా ఆగుదాం" అన్నాడు.

నేను ఆగలేదు. మా ఆయన నడక రోజురోజుకూ మెరుగవుతోంది, కూర్చోవడానికి నీడ ఇప్పుడే కావాలి. నర్సరీకి పోయి కళ్లకు నచ్చినవన్నీ తెచ్చాను. గులాబీలు, మందారాలు, ఒక అంటు మామిడి. పెద్దాయన నాటడానికి సాయపడ్డాడే గానీ ఒక్కమాట అనలేదు. రోజూ మా బోరు నీళ్లు బిందెలతో మోసి పోశాను. మూడో వారానికి ఆకుల అంచులు కాలినట్టు గోధుమరంగుకు తిరిగాయి. మరో రెండు వారాలకు పుల్లలు మిగిలాయి. ఆస్పత్రిలో ఎన్ని చావులు చూసినా, నేను పోసిన నీళ్లతోనే అవి చచ్చాయన్నది మింగుడుపడలేదు. రోజూ వాటి పక్కనుంచి నడవాలంటే సిగ్గుగా ఉండేది.

పెద్దాయన "నేను ముందే చెప్పినా" అనలేదు. మా బోరు నీళ్లు ఒక గ్లాసు పట్టుకొచ్చి, "కొంచెం నోట్లో పోసుకోండమ్మా" అన్నాడు. పంతొమ్మిదేళ్లుగా ఆ నీళ్లతో స్నానం చేస్తున్నాను, బట్టలుతుకుతున్నాను. తాగడానికి క్యాన్లు కొంటాం కాబట్టి ఎప్పుడూ రుచి చూడలేదు. మజ్జిగలో ఉప్పెక్కువైనట్టుంది.

మంచినీళ్లు ఎక్కడినుంచి తేవడం? కొళాయి రెండు రోజులకోసారి గంటసేపు వస్తుంది. అది వంటకే చాలదు. దీనికి దారి కూడా పెద్దాయన నాలుకే చూపింది. ఒక మధ్యాహ్నం వీధిలో నడుస్తుంటే పై అంతస్తు ఏసీ గొట్టంలోంచి నీటిబొట్లు ఆయన బట్టతల మీద పడ్డాయి. ఆయన ఆగి, దోసిలి పట్టి, చప్పరించాడు. వచ్చి నాతో, "అమ్మా, ఇది వాననీళ్ల మాదిరుండాది. చుక్క ఉప్పు లేదు. వీధిలో ఇట్టాంటి గొట్టాలు ఎన్నుండాయో చూడండి" అన్నాడు.

తలెత్తి చూశాను. మా వీధిలో ఆకులు లేవు గానీ ఏసీ గొట్టాలు కొదవ లేకుండా ఉన్నాయి. ప్రతిదాని కిందా గోడ మీద పాచి చార.

అప్పుడు నేను ఇంటింటికీ వెళ్లాను. అడిగింది ఒక్కటే, గొట్టం కింద బకెట్టు పెట్టి, నిండినప్పుడు మలుపు దగ్గర డ్రమ్ములో పోయమని. స్థలం గురించి మాట్లాడితే ముఖాలు తిప్పుకున్న వాళ్లు కూడా ఉత్తినే కారిపోయే నీళ్లనేసరికి సరేనన్నారు. ఆటో అతని ఇంట్లో ఏసీ లేదు. కానీ, "డ్రమ్ము నేను తెచ్చిస్తాలే అక్కా" అన్నాడు. తన బండి పెట్టుకోవడానికి ఒక పక్క కొంచెం వదలమన్నాడు. సరేనన్నాను.

ఆఖరున వడియాల అక్క ఇల్లు మిగిలింది. పోవాలా వద్దా అని గుమ్మం దగ్గర తచ్చాడుతుంటే ఆమే, "లోపలికి రా నర్సమ్మా" అంది.

ముందు గదిలో నిలబడడానికి చోటు లేదు. మంచం మీద, పెట్టె మీద, కిటికీ గట్టు మీద పళ్లాలు. సగ్గుబియ్యం వడియాలు, గుమ్మడి వడియాలు, మినప అప్పడాలు. లోపల పట్టపగలే లైటు వేసుంది. ఏసీ కాదు కదా, ఆ గదికి గాలి రావడానికే దారి లేదు.

"నా దగ్గర నీ నీళ్లు లేవు" అంది.

"బియ్యం కడిగిన నీళ్లైనా పరవాలేదక్కా" అన్నాను.

ఆమె నన్ను మళ్లీ గుమ్మం దగ్గరికి తీసుకొచ్చింది. పక్కవాళ్ల మేడలు చూపించింది. "ఈ పక్క రెండంతస్తులు లేచినాయి, ఆ పక్క మూడంతస్తులు లేచినాయి. నా మిద్దె మీదికి ఎండ గంట కూడా రాదు. మెట్ల మీద కొంచెం, ఆ పంపు దిమ్మె మీద కొంచెం. పది నుంచి మూడు దాకా ఎండ పడేది ఆ జాగాలోనే. చెత్త లేనప్పుడు అక్కడే గోనెపట్టా పరిచేదాన్ని. నువ్వు చెట్టు పెడితే ఆ ఎండ కూడా పాయె."

"ఆ రోజే ఈ మాట చెప్పుంటే..." అని నెమ్మదిగా అన్నాను.

"వడియాల కోసం చెట్లు వద్దంటే అంతమందిలో నవ్వరా? అందుకని నోటికొచ్చింది అన్నా. రాత్రి పడుకున్నాక బాధేసింది. నీ దగ్గరికి రాను మొహం చెల్లలేదు."

ఆ వేసవంతా నీడ నీడ అని కలవరించాను. ఎండ కావాలనే మనిషి ఒకరుంటారని ఊహించలేదు. ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి, నేరుగా పెద్దాయన దగ్గరికి వెళ్లి చెప్పాను.

ఆయనకు ఇది కష్టమనిపించలేదు. "నీడ ఎటు పడతాదో తెలిస్తే ఇద్దరికీ చోటుండాది" అన్నాడు. దిమ్మె పక్కన ఒక వెదురుబొంగు పాతాడు. పొద్దున పదింటికి, మధ్యాహ్నం, మూడింటికి దాని నీడ ఎక్కడ పడితే అక్కడ సుద్దతో గీశాడు. పదిరోజులు అలా గీసి, చలికాలంలో నీడ ఇంకా ఉత్తరానికి సాగుతుందని చెప్పి, చెట్టు ఉత్తరం మూలకు పెట్టాలని తేల్చాడు. దక్షిణం వైపంతా అక్కకు. ఆమె ప్రతి గీతనూ వంగి చూసి, నమ్మకం కుదిరాక, "అట్టయితే పెట్టుకోండి" అంది.

మా జిల్లాలో వానలు అక్టోబరు తర్వాతే. అందాకా ఆగడం ఈసారి నాకు కష్టం కాలేదు. పెద్దాయన తన ఊరినుంచి ఒక చిన్న లారీడు కాలువ ఒండ్రుమట్టి తెప్పించాడు. ఉత్తరం మూల మనిషి నడుములోతు గుంత తవ్వి, ఉప్పుమట్టి తీసి ఆ ఒండ్రు నింపాడు. మొదటి వాన పడిన మర్నాడు పులికాట్ పక్కనుంచి ఒక గంగరావి కొమ్మ తెచ్చాడు. చేతి మందాన, నా ఎత్తున ఉంది. ఒక్క ఆకు లేదు.

"ఇదేంది, కట్టె తెచ్చినాడు" అంది అక్క.

"ఉప్పుకు భయపడని చెట్టు ఇదే" అన్నాడు ఆయన. అంచుల్లో కానుగ మొక్కలు మూడు నాటాడు. పాత దిమ్మెను పగలగొట్టకుండా గడ్డపారలతో జరిపి కూర్చోవడానికి అరుగు చేశారు. దానికి మా ఆయన ఒక్కచేత్తోనే ఇటుకలు అందించారు.

నెలరోజులకు ఆ కట్టెకు కణుపుల దగ్గర పచ్చటి మొలకలు వచ్చాయి. మొదట చూసింది అక్క. మా ఇంటిదాకా వచ్చి, "నీ కట్టె బతికింది" అని చెప్పి వెళ్లిపోయింది.

రెండో ఏడు ఒక గండం వచ్చింది. ఆ రోజు మా ఆయనను చెకప్‌కు నెల్లూరు తీసుకుపోయాను. సాయంత్రం రైలు దిగి వస్తుంటే వీధి మొదట్లోనే మట్టి కుప్పలు కనపడ్డాయి. మురుగు పైపు వేయడానికి పొద్దుననే యంత్రం వచ్చి వీధి పొడుగునా తవ్వుకుంటూ పోయింది. గీత మలుపు వైపే పోతోంది. మా ఆయన, "నువ్వు ముందు పో, నేను నిదానంగా వస్తా" అన్నారు. ఆయనను ఒక్కరినీ వదిలి దాదాపు పరుగెత్తాను.

కందకం మలుపు దాకా తిన్నగా వచ్చింది. అక్కడ వంకర తిరిగి, గంగరావిని పక్కన పెట్టి, మళ్లీ తిన్నగా పోయింది. ఒక కానుగ మొక్క పోయింది. గంగరావి మొదలు దగ్గర అక్క నులకమంచం వాల్చుంది. మంచం మీద పళ్లాలు. పక్కన కుర్చీలో ఆమె.

"ఏం చేశావక్కా?" అన్నాను.

"నేనేం చేయలా. మంచం వాల్చుకుని వడియాలు ఆరబెట్టుకుంటా కూర్చున్నా. లెయ్ అమ్మా అంటే, ఇయి ఎండేదాకా లెయ్యను, అటుపక్కగా తవ్వుకోమన్నా. ఆ పిల్లోడు యంత్రం ఆపి కాసేపు చూసి, అటే తవ్వినాడు. మంచోడే. పోతా పోతా వడియాలు పొట్లం కట్టిచ్చినా."

ఆమె కూర్చున్నది చెట్టు నీడలో. వడియాలు అక్కడ ఎండవు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. కుర్చీ తెచ్చి ఆమె పక్కన కూర్చున్నాను. కాసేపటికి మా ఆయన నెమ్మదిగా వచ్చి అరుగు మీద కూర్చున్నారు. స్టేషను నుంచి అక్కడిదాకా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచి వచ్చారని కాసేపటి తర్వాత గానీ నాకు తట్టలేదు.

ఇప్పుడు గంగరావి మా మొదటి అంతస్తు ఎత్తుకు వచ్చింది. పొద్దున పసుపుపచ్చగా విచ్చిన పూలు సాయంత్రానికి ఎర్రబారి రాలతాయి. వీధంతా చల్లబడిందని అబద్ధం చెప్పను. మే నెలలో మా మేడ మీద గది ఇప్పటికీ పొయ్యిలాగే ఉంటుంది. కానీ పొద్దున ఎనిమిదింటికి ఆ అరుగు మీద చోటు దొరకడం కష్టం. కూరగాయలమ్మ బుట్ట దించి ఊపిరి తీసుకుంటుంది. స్టేషనుకు పోయేవాళ్లు రైలు ఆలస్యమైతే అక్కడే ఆగుతారు. ఆటో అతను తన పక్కన బండి పెట్టుకుని పేపరు చదువుతాడు. మేము ఎవరమూ పందిరి వెయ్యలేదు, బొమ్మ పెట్టలేదు, జెండా కట్టలేదు. అలా అని ఎవరూ తీర్మానం చేయలేదు కూడా. పది నుంచి మూడు దాకా దక్షిణం వైపు ఎవరూ అడుగు పెట్టరు. అది అక్కది.

మొన్న ఆదివారం మేము చర్చి నుంచి వచ్చేసరికి అక్కడ వాదన నడుస్తోంది. పోయిన కానుగ చోట కరివేపాకు పెట్టాలని అక్క అంటోంది. ఉప్పు నేలలో అది రాదని పెద్దాయన అంటున్నాడు.

"నీ ఒండ్రుమట్టి ఒక గంపెడు పొయ్, అదెందుకు రాదో నేను చూస్తా" అంది అక్క.

"వచ్చినా వీధిలో వాళ్లంతా రెబ్బలు తుంచుకుపోతారు. నీకు మిగిలేది పుల్లే" అన్నాడు ఆయన.

"తుంచుకుంటే తుంచుకోనీ. తినేదానికే కదా."

మా ఆయన చర్చి బట్టలతోనే అరుగు మీద కూర్చుని ఇద్దరి మాటా శ్రద్ధగా వింటున్నారు. ఎటూ మాట్లాడరు. నువ్వేమంటావు నర్సమ్మా అని అక్క నన్ను అడిగింది. అన్నం వండి వచ్చి చెప్తానన్నాను. వంటయ్యాక మళ్లీ వెళ్లి చూస్తే వాదన ఇంకా అక్కడే ఉంది. పెద్దాయన మాత్రం మాట్లాడుతూనే కరివేపాకుకు గుంత తవ్వుతున్నాడు.